విమాన తయారీకి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటున్నారా? ఎర్ర ట్యాగ్ దగ్గర మొదలుపెట్టండి

సోమవారం పొద్దున ఒక బ్రాకెట్‌ని పెనెట్రెంట్ పరీక్షకి (పగుళ్లలోకి ఇంకి మెరిసే ద్రవం పూసి చూసే పరీక్ష) పెట్టారు. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే బోల్టు రంధ్రం అంచున వెంట్రుకంత పచ్చటి గీత మెరిసింది. పగులు. ఇన్‌స్పెక్టర్ దానికి వాడకూడదని చెప్పే ఎర్ర ట్యాగ్ కట్టి, క్వాలిటీ రికార్డులో రాసి, పక్కన పెట్టే స్టోర్‌కి పంపేశాడు. ఆయన పని ఆయన సక్రమంగా చేశాడు.

కొనుగోలు విభాగానికి సంగతి బుధవారం తెలిసింది. ఇంకో బ్రాకెట్ ఇవ్వడానికి సప్లయర్ ఐదు వారాలు అడిగాడు. శుక్రవారం సబ్ అసెంబ్లీ ప్లానర్ తన ఫైల్లో తేదీ మార్చాడు. ఫైనల్ అసెంబ్లీ షెడ్యూల్ మాత్రం వేరే ఫైలు. ఎవరో ఫోల్డర్ జరిపినప్పుడు ఆ రెండిటి మధ్య లింకు తెగిపోయింది, ఎవరూ గమనించలేదు. దాంతో ఫైనల్ అసెంబ్లీ బార్లన్నీ పచ్చగానే ఉన్నాయి. మూడో వారంలో జిగ్ (భాగాల్ని పట్టి ఉంచే చట్రం) దగ్గర నలుగురు మెకానిక్‌లు పనిముట్లు సర్దుకుని నిలబడి, బ్రాకెట్ ఏదని అడిగారు. ఆ ఫైనల్ అసెంబ్లీ ఫైలు చూసుకునేవాణ్ణి నేనే.

ఆ తర్వాత వేరే కంపెనీల్లో వేరే సాఫ్ట్‌వేర్లతో పనిచేశాను, ఎంపిక కమిటీల్లోనూ కూర్చున్నాను. ఇప్పుడు ఎవరు సలహా అడిగినా ముందు ఒకటే అడుగుతాను. మీ దగ్గర ఒక పార్ట్‌కి ఎర్ర ట్యాగ్ పడితే ఆ వార్త విమానం డెలివరీ తేదీ దాకా చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? మధ్యలో ఎంతమంది దాన్ని చేత్తో టైప్ చేయాలి? ఫీచర్ల పట్టిక ముందేసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఈ ప్రశ్న పెట్టగానే తేడాలు బయటపడతాయి. కింద చెప్పేదంతా ఆ కొలతతోనే.

ముందు మీ పని ఏ రకమో తేల్చుకోండి

విమాన తయారీలో రెండు రకాల పనులు పక్కపక్కనే నడుస్తాయి. డిజైన్, టూలింగ్, మొదటి నమూనా, పరీక్షలు, సర్టిఫికేషన్ ఒక రకం. ఇదంతా ఒక్కసారి జరిగే పని. రెండోది నెలకి ఇన్ని అని లెక్కపెట్టుకుని అదే విమానాన్ని, అదే రెక్కని మళ్లీ మళ్లీ కట్టడం.

షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ల లోపల ఉన్న లెక్క మొదటి రకం పని కోసం పుట్టింది. క్రిటికల్ పాత్ పద్ధతి (ఏ పనుల వరస ఆలస్యమైతే ముగింపు తేదీ జరుగుతుందో లెక్కకట్టేది) 1957 ప్రాంతంలో డ్యూపాంట్ రసాయన కర్మాగారాల పనుల్లోంచి వచ్చింది. అలాంటిదే అయిన పెర్ట్ పద్ధతి 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారైంది. అందుకే కొత్త విమానం అభివృద్ధికి ఇవి చక్కగా సరిపోతాయి. నెలకి పది రెక్కలు కట్టే లైన్ మీద మాత్రం అవే తడబడతాయి. అక్కడ మీకు కావలసింది ఏ స్టేషన్‌లో ఏ నంబర్ విమానం ఉండాలి, ఎన్ని భాగాలు వరసలో ముందుకు రావాలి అన్న లెక్క. లైన్ ఆఫ్ బ్యాలెన్స్ అంటారు దీన్ని. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది నేరుగా ఉండదు. విడిగా కట్టుకోవాలి, లేకపోతే ఈఆర్పీ (కొనుగోళ్లు, స్టాకు, ఖర్చులు నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) వైపు చూసుకోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది, ఇది డబ్బుతో ముడిపడినది. థియోడర్ రైట్ అనే అమెరికన్ ఇంజనీరు 1936లో ఒక వ్యాసం రాశాడు. కట్టిన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పడే సగటు శ్రమ 20 శాతం దాకా తగ్గుతుందని అందులో చూపించాడు. మొదటి విమానానికి 10,000 గంటలు పట్టిందనుకోండి. రెండు కట్టేసరికి సగటు 8,000, నాలుగు కట్టేసరికి 6,400, ఎనిమిది కట్టేసరికి 5,120. అంటే ఎనిమిదింటికీ కలిపి 40,960 గంటలు. ప్లానర్ మొదటి విమానం షెడ్యూల్‌ని కాపీ చేసి ఎనిమిది సార్లు అతికిస్తే 80,000 గంటలు చూపిస్తుంది. సగానికి సగం తేడా! ఈ తగ్గుదల ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ అంకె మీరే కట్టుకోవాలి. మీరు చూస్తున్న సాఫ్ట్‌వేర్ ఒకే టెంప్లేట్‌ని విమానం నంబర్‌ని బట్టి వేర్వేరు వ్యవధులతో దింపగలదా అని మాత్రం తప్పకుండా అడగండి. చాలామంది అమ్మకందారులు ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచిస్తారు.

ఎక్సెల్ గురించి రెండు మాటలు

దాన్ని తక్కువ చేయను. యాభై అరవై భాగాల కొరత జాబితాకి, పొద్దున పావుగంట మీటింగ్‌కి ఎక్సెల్ కంటే చురుకైనది లేదు. కానీ ఒక తేదీ మారితే దాని వెనకున్నవాటిని తనంతట తాను జరపదు. ఎర్ర ట్యాగ్ వార్త ఎవరో ఒకరు మోస్తేనే కదులుతుంది. షెడ్యూల్ మొత్తం ఎక్సెల్‌లో నడుస్తోందంటే ఆ మోసే మనిషి సెలవు పెట్టిన రోజు మీ ప్లాన్ కూడా సెలవే.

ఎంఎస్ ప్రాజెక్టా, ప్రిమవేరానా

అసలు వాదన ఎక్కువగా ఈ రెండిటి మధ్యే జరుగుతుంది. రెండూ 1980ల నాటివే. ప్రిమవేరా సిస్టమ్స్ 1983లో మొదలైంది, 2008లో ఒరాకిల్ కొనేసింది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ మొదటి రూపం 1984లో వచ్చింది.

ఎంఎస్ ప్రాజెక్ట్ గొప్పతనం ఒక్క మనిషి చేతిలో కనిపిస్తుంది. ఒక ఇంజనీరు రెండు రోజుల్లో నేర్చుకుని, తన టూలింగ్ పనికో టెస్ట్ రిగ్ పనికో మంచి షెడ్యూల్ వేసేస్తాడు. మొదటిదీ, తర్వాతివి పదీ కలిపి 11 బేస్‌లైన్లు, అంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంచుకునే ప్లాన్ కాపీలు, దాచుకోవచ్చు. ఫైలు సప్లయర్‌కి పంపితే అతనూ తెరవగలడు. 500 పనులు, ఒకరిద్దరు ప్లానర్లు ఉన్న ప్రాజెక్టుకి నేను ఇప్పటికీ దీన్నే సూచిస్తాను.

చిక్కంతా ఇది ఫైలు కావడంలోనే. పది మంది ప్లానర్లుంటే పది ఫైళ్లు, వాటిని కలిపే ఒక మాస్టర్ ఫైలు, వాటి మధ్య లింకులు. ఎవరో ఫైలు పేరు మారుస్తారు, ఇంకెవరో లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని అక్కడే మారుస్తారు. నా బ్రాకెట్ కథ జరిగింది ఇలాంటి ఏర్పాటులోనే. అందుకు సాఫ్ట్‌వేర్‌ని తప్పుపట్టను, మేం దాన్ని అది మోయలేనంత పనికి వాడాం. ఫైళ్ల గొడవ పోవాలంటే సర్వర్ రూపం కావాలి. ఇక్కడో ముఖ్యమైన సంగతి ఉంది. ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సేవని 2026 సెప్టెంబర్ 30తో ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సొంత సర్వర్ మీద నడిచే ప్రాజెక్ట్ సర్వర్, కంప్యూటర్‌లో పెట్టుకునే డెస్క్‌టాప్ రూపం వేరు. ఎవరైనా మీకు ఎంఎస్ ప్రాజెక్ట్ సూచిస్తే వీటిలో ఏ రూపం గురించి చెబుతున్నారో ముందు తేల్చుకోండి.

ప్రిమవేరా పీ6 మొదటి నుంచీ డేటాబేస్ మీదే నడుస్తుంది. ఇరవై మంది ప్లానర్లు ఒకేసారి తమ తమ భాగాల మీద పనిచేయవచ్చు. ఎవరు దేన్ని మార్చవచ్చో కట్టుబాట్లు పెట్టవచ్చు. రెక్క షెడ్యూల్‌కీ ఫైనల్ అసెంబ్లీ షెడ్యూల్‌కీ మధ్య లింకు డేటాబేస్‌లోనే ఉంటుంది. ఫోల్డర్ జరిగినా దానికేం కాదు. నాకు అన్నిటికంటే నచ్చేవి దాని యాక్టివిటీ కోడ్‌లు. ప్రతి పనికీ విమానం నంబర్, స్టేషన్, సప్లయర్, జిగ్ నంబర్ అని ముద్రలు వేసుకుంటే అవే లక్ష పనుల్ని ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి చూసుకోవచ్చు. ఫలానా ఫోర్జింగ్ (కొట్టి మలిచిన లోహ భాగం) సప్లయర్ ఆలస్యమైతే ఏ ఏ విమానాలు ఆగుతాయో ఒక్క ఫిల్టర్‌తో తెలిసిపోతుంది. ఎర్ర ట్యాగ్ పరీక్షలో ఇది బాగానే నెగ్గుతుంది. మొదటి అడుగు, అంటే క్వాలిటీ రికార్డు నుంచి షెడ్యూల్‌లోకి రావడం మాత్రం ఇక్కడా మీరే ఏర్పాటు చేసుకోవాలి.

దీని ఖర్చు లైసెన్సుతో ఆగదు. డేటాబేస్ చూసుకునే మనిషి కావాలి. ప్లానర్లకి నెలల శిక్షణ కావాలి. కోడ్‌లు ఎలా రాయాలో ఒక నియమం మొదటి రోజే పెట్టకపోతే, ఏడాదికల్లా ఒకే సప్లయర్ మూడు పేర్లతో కనిపిస్తాడు. చిన్న కంపెనీకి పీ6 గుదిబండ అవుతుంది. అలా అవడం కళ్లారా చూశాను.

పీ6 లోపల ఒక సెట్టింగ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. విమాన అసెంబ్లీలో వరస తప్పిన పని రోజూ ఉంటుంది. వైరింగ్ పూర్తికాకుండానే ఒక పక్క నుంచి ఫ్లోర్ ప్యానెళ్లు బిగించడం మొదలుపెడతారు. వైరింగ్ 60 శాతం, ప్యానెళ్లు 30 శాతం అయ్యాయనుకోండి. ఇప్పుడు ప్యానెళ్లలో మిగిలిన పని ఎప్పుడవుతుంది? రిటెయిన్డ్ లాజిక్ అన్న సెట్టింగ్‌లో, వైరింగ్ మొత్తం అయ్యాకే మిగిలిన ప్యానెళ్లు అని లెక్కవేస్తుంది. ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ అన్న సెట్టింగ్‌లో, ఎలాగూ మొదలుపెట్టారు కదా అని వైరింగ్ కోసం ఆగకుండా లెక్కవేస్తుంది. డేటా ఒక్కటే, డెలివరీ తేదీలు రెండు. మొదటిది కాస్త కఠినం, రెండోది తరచూ మోసం. నేనైతే రిటెయిన్డ్ లాజిక్ పెట్టి, వరస తప్పిన పనుల జాబితా ప్రతి వారం తీయించి, ఒక్కొక్క లింకు దగ్గర నిజంగా ఆగాలా వద్దా అని సూపర్‌వైజర్‌ని అడుగుతాను. మీ సప్లయర్ కూడా పీ6 వాడుతుంటే అతను ఏ సెట్టింగ్‌లో ఉన్నాడో కాంట్రాక్టులోనే రాయించండి.

వరస తప్పిన పని చిన్న విషయం అనిపిస్తే బోయింగ్ 787ని గుర్తుచేసుకోండి. 2007 జులై 8న మొదటి విమానాన్ని ప్రపంచానికి చూపించారు. లోపల చాలా పని మిగిలే ఉంది, తాత్కాలిక ఫాస్టెనర్లు బిగించి నిలబెట్టారు. సప్లయర్ల దగ్గర పూర్తికావలసిన పని ఫైనల్ అసెంబ్లీకి ప్రయాణం చేసి వచ్చింది. ఆ విమానం ఎగిరింది 2009 డిసెంబర్ 15న. మొదటి డెలివరీ 2008 మేలో అనుకున్నది 2011 సెప్టెంబర్‌లో జరిగింది. పని ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి జరిగిందో చూపించలేని షెడ్యూల్‌లో రోల్ అవుట్ తేదీ ఒక్కటే అందంగా కనిపిస్తుంది.

సప్లయర్ల తేదీల్ని ఎంత నమ్మాలి

పది మంది సప్లయర్ల నుంచి పది భాగాలు వచ్చి ఒక జాయింట్ దగ్గర కలవాలి. ఒక్కొక్కరూ సమయానికి ఇచ్చే అవకాశం 90 శాతం. వినడానికి భేషుగ్గా ఉంది. పదీ సమయానికి చేరే అవకాశం 35 శాతమే! 0.9ని పదిసార్లు గుణించి చూడండి. పనుల్ని బార్లుగా గీసే మామూలు గాంట్ చార్ట్ ఇది చెప్పదు. పది బార్లూ ఒకే రోజు ముగుస్తున్నట్టు చూపించి ఊరుకుంటుంది.

అందుకే మాంటే కార్లో రిస్క్ లెక్క చేసే పరికరం తోడుగా ఉందా అని చూడండి. ప్రతి పనికీ తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులో ఇస్తే, అది వేలసార్లు పాచికలు వేసినట్టు షెడ్యూల్‌ని నడిపి, ఫలానా తేదీకి అయ్యే అవకాశం ఇంత అని చెబుతుంది. పెద్ద ప్రాజెక్టులకి ఆమోదం ఇచ్చేటప్పుడు ఖర్చూ తేదీ రెండూ కలిపి 70 శాతం నమ్మకం ఉండాలని నాసా నియమం పెట్టుకుంది. ప్రిమవేరా రిస్క్ అనాలిసిస్, సాఫ్రాన్ రిస్క్, డెల్టెక్ ఆక్యుమెన్ లాంటివి ఈ పని చేస్తాయి. ఏడాదికి రెండుసార్లు వాడినా చాలు, ఇవి తమ ఖర్చు తాము తెచ్చుకుంటాయి. లింకులు సరిగా లేని షెడ్యూల్ మీద మాత్రం ఇవి వద్దు. తప్పు తేదీకి శాతం తగిలించినట్టవుతుంది.

ఎర్న్‌డ్ వాల్యూ తప్పనిసరి అయితే

అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో ఒక పరిమితి దాటితే ఈఐఏ 748 ప్రమాణం ప్రకారం ఎర్న్‌డ్ వాల్యూ (అయిన పనికి ప్లాన్‌లో వేసుకున్న విలువ కట్టి, ఖర్చుతోనూ తేదీలతోనూ పోల్చే పద్ధతి) నడపాలి. ఆ కాంట్రాక్టు కింద పనిచేసే సప్లయర్‌కి కూడా ఈ నియమం తగలవచ్చు. ఈ పరిస్థితిలో షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు. ఖర్చు వైపు డెల్టెక్ కోబ్రా లాంటిది వాడతారు. అది పీ6 నుంచో, ఎంఎస్ ప్రాజెక్ట్ నుంచో, డెల్టెక్ వాళ్లదే ఓపెన్ ప్లాన్ నుంచో తేదీలు తీసుకుని విలువ లెక్కకడుతుంది.

షెడ్యూల్ నాణ్యతకి అమెరికా రక్షణ కాంట్రాక్టుల తనిఖీ సంస్థ డీసీఎంఏ 14 పరీక్షలు పెట్టింది. ముందు వెనక లింకులు లేని పనులు 5 శాతం మించకూడదు. 44 పని దినాల కంటే పొడవైన పనులు 5 శాతం మించకూడదు. ఒకటి ముగిశాక ఇంకోటి మొదలయ్యే లింకులు కనీసం 90 శాతం ఉండాలి. తేదీని బలవంతంగా పట్టి ఉంచే షరతులు 5 శాతం లోపు. మిగతావీ ఈ తరహావే. ఈ నియమాలు మీకు వర్తించకపోయినా మీ షెడ్యూల్‌ని ఒకసారి వీటితో తూచండి. సాఫ్ట్‌వేర్ మారిస్తే పోతుందనుకున్న జబ్బు సగం షెడ్యూల్‌లోనే ఉందని అప్పుడు తెలుస్తుంది.

ఎర్న్‌డ్ వాల్యూలో ఒక ఉచ్చు ఉంది. టైటానియం ఫోర్జింగ్‌లు ఖరీదైనవి. అవి గోదాముకి చేరిన రోజే పూర్తి విలువ సంపాదించినట్టు లెక్కరాస్తే ఆ నెల సూచిక ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే నెల అసెంబ్లీ లైన్ ఆగిపోయి ఉండవచ్చు. మెటీరియల్ విలువనీ శ్రమ విలువనీ విడివిడిగా చూపించలేని రిపోర్టుని నేను నమ్మను.

ఈఆర్పీలోనే చేసుకుంటే పోదా

ఫైనాన్స్ వాళ్లు తప్పకుండా ఈ మాట అంటారు, అందులో న్యాయం ఉంది. ఎస్ఏపీ అనే ఈఆర్పీలోని ప్రాజెక్ట్ సిస్టమ్ మాడ్యూల్‌నే తీసుకోండి. పనికి కావలసిన మెటీరియల్ ఆ పనికే అతికి ఉంటుంది. కొనుగోలు అభ్యర్థన అక్కడి నుంచే పుడుతుంది. ఖర్చు అక్కడే పడుతుంది. సప్లయర్ తేదీ మారిందంటే అది ముందు తెలిసేది ఈఆర్పీకే. సీరియల్ ఉత్పత్తికి ఇది బలమైన పునాది. నెలకి ఇన్ని రెక్కలు అంటే ఎన్ని రివెట్లు, ఎప్పటికి అన్న లెక్క దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

అది చేయలేనిది ఆలోచించడం. అంటే, ఈ ఫోర్జింగ్ మూడు వారాలు ఆలస్యమైతే ఐదో విమానానికి ఉన్న భాగాన్ని నాలుగోదానికి ఇచ్చేస్తే ఏమవుతుంది అని నాలుగు రకాలుగా వేసి చూడటం. అసలు డేటాని కదపకుండా అలా ఆడుకోవడానికి పీ6 లాంటిది హాయిగా ఉంటుంది. అందుకే పెద్ద కార్యక్రమాల్లో రెండూ ఉంచుకుని మధ్యలో వంతెన కట్టుకోవడమే మంచిది. ఆ వంతెన ధర కొటేషన్‌లో విడిగా రాయించండి. లేకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వంతెన రాత్రికొకసారి నడుస్తుందా, వారానికొకసారా అన్నదే మీ ఎర్ర ట్యాగ్ వేగం.

జిరా, క్లౌడ్ షీట్లు

జిరా 2002లో సాఫ్ట్‌వేర్ లోపాలు రాసుకునే పరికరంగా వచ్చింది. ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) సాఫ్ట్‌వేర్ టీంకి అది ఇవ్వండి, సంతోషంగా పనిచేసుకుంటారు. ఎవరు ఏ మార్పు ఎందుకు చేశారో జాడ నిలబడుతుంది. ఫ్యాక్టరీ మాస్టర్ షెడ్యూల్ మాత్రం అందులో వద్దు. ఒక పని ఇంకో పనిని ఆపుతోందని రాసుకోవచ్చు గానీ క్రిటికల్ పాత్ లెక్క దాని సహజ గుణం కాదు. సాఫ్ట్‌వేర్ టీం నుంచి ఐదారు మైలురాళ్లు మాస్టర్ షెడ్యూల్‌లోకి వస్తే చాలు.

స్మార్ట్‌షీట్ లాంటి క్లౌడ్ షీట్లు సప్లయర్ల దగ్గర నుంచి తేదీలు సేకరించడానికి బాగుంటాయి, శిక్షణ అక్కర్లేదు. అంతకు మించి వాటి మీద భారం వేయకండి.

షెడ్యూల్‌కి కనిపించని పనులు

ఎయిర్‌బస్ ఏ380 సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లు దాటిన వైరింగ్. హాంబర్గ్‌లో డిజైనర్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ కాటియా నాలుగో వెర్షన్, టులూజ్‌లో ఐదో వెర్షన్ వాడారు. హార్నెస్‌లు (వైర్ల కట్టలు) ఫైనల్ అసెంబ్లీకి వచ్చాక పొడవులు కుదరలేదు. 2006లో ఒకటి తర్వాత ఒకటి ఆలస్యాలు ప్రకటించారు, మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 2007 అక్టోబర్‌లో చేరింది. ప్రపంచంలో ఎంత గొప్ప షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఉన్నా అందులో ఇది 'హార్నెస్ అమర్చడం' అనే ఒక బార్. డ్రాయింగ్ రివిజన్, ఏ విమానం నంబర్ నుంచి ఆ మార్పు వర్తిస్తుంది అన్న సమాచారం డిజైన్ డేటా నడిపే పీఎల్ఎం వ్యవస్థలో ఉంటాయి. అక్కడి మార్పు నోటీసు షెడ్యూల్‌లో కనీసం ఒక జెండాగానైనా లేవాలి.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ గాల్లో ఉండగా డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటుని మూసే పలక) ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచే నాలుగు బోల్టులు డెలివరీకి ముందే లేవని దర్యాప్తులో తేలింది. పక్కనున్న రివెట్లు సరిచేయడానికి ఫ్యాక్టరీలో ఆ ప్లగ్ తెరిచారు. రివెట్ల పని గురించి ఒక వ్యవస్థలో సందేశాలు నడిచాయి. ప్లగ్ తెరిచినట్టు తయారీ రికార్డులో మాత్రం ఎక్కలేదు. రికార్డు లేకపోతే తిరిగి బిగించినట్టు ఇన్‌స్పెక్షన్ కూడా ఎవరూ అడగరు. నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే పని గురించి మాట్లాడుకునే చోటు ఒకటి, పని నమోదయ్యే చోటు ఇంకొకటి ఉండటం నేను చూసిన ప్రతి షాప్ ఫ్లోర్‌లోనూ మామూలే. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో చాట్, కామెంట్లు, ఫొటోలు పెట్టే సౌకర్యం ఉందని అమ్మకందారుడు చూపిస్తే ఒకటి నిర్ణయించుకోండి. భాగం విప్పడం, బిగించడం, అంగీకరించడం తయారీ రికార్డు వ్యవస్థలో మాత్రమే జరగాలి. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ అక్కడి నుంచి చదవాలి, అంతే. తానుగా పని పూర్తయిందని రాసుకునే అధికారం దానికి ఇవ్వకండి.

సర్వర్ ఎక్కడ ఉండాలి

రక్షణ పని ఉంటే ఇది మొదటి ప్రశ్నే అవుతుంది. అమెరికా ఐటార్ (రక్షణ ఎగుమతుల) నియమాల కిందికి వచ్చే సాంకేతిక సమాచారం అనుమతి లేని విదేశీయుల కంట పడటమే ఉల్లంఘన. షెడ్యూల్‌లో సాంకేతిక సమాచారం ఏముంటుంది అనుకుంటారు. టాస్క్ పేర్లలో పార్ట్ నంబర్లు, పరీక్ష విలువలు, జత చేసిన డ్రాయింగ్‌లు ఎన్ని ఉంటాయో ఒకసారి వెతికి చూడండి. క్లౌడ్ అయితే డేటా ఏ దేశంలో ఉంటుంది, సపోర్ట్ చేసే మనిషి ఎక్కడ కూర్చుంటాడు అని రాతపూర్వకంగా అడగండి. సొంత సర్వర్ అనుకుంటే ఆ రూపం ఎన్నాళ్లు బతుకుతుందో చూసుకోండి. ఉదాహరణకి జిరా డేటా సెంటర్ రూపానికి 2029 మార్చి 28ని ఆఖరు తేదీగా దాని తయారీదారు అట్లాసియన్ ప్రకటించింది. విమాన కార్యక్రమం ముప్పై ఏళ్లు నడుస్తుంది. కాబట్టి డేటా మొత్తాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో బయటికి తీసుకునే హక్కు కాంట్రాక్టులో ఉండాలి. ఉండటమే కాదు, సంతకం పెట్టే ముందు ఒకసారి తీసి, వేరే చోట తెరిచి చూడాలి.

డెమోలో ఏం అడగాలి

వాళ్ల నమూనా డేటా చూడకండి. మీ సొంత డేటా ఇవ్వండి. మూడు విమానాలు, నలభై పనులు, ఐదుగురు సప్లయర్లు చాలు. రెండో విమానం బ్రాకెట్‌కి ఎర్ర ట్యాగ్ పడింది, కొత్తది ఐదు వారాలకి వస్తుంది అని చెప్పి, మీ కళ్ల ముందే చేయించండి. మూడు డెలివరీ తేదీలూ ఎలా మారాయి? మూడో విమానం బ్రాకెట్‌ని రెండోదానికి ఇచ్చేస్తే? నాలుగో విమానం నుంచి డ్రాయింగ్ మారుతోంది, కొత్త బ్రాకెట్ పాత రివిజనా, కొత్తదా, ఎవరు చెబుతారు? నిన్నటి ప్లాన్‌కీ ఇవాళ్టి ప్లాన్‌కీ తేడా ఒక పేజీలో వస్తుందా? ఎన్ని క్లిక్కులు పట్టాయో రాసుకోండి. ఆ పని అమ్మకందారుడి చేత కాకుండా మీ ప్లానర్ల చేత ఇంకోసారి చేయించండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఏది ఎవరికి

ఒకటి రెండు రకాల భాగాలు చేసే సప్లయర్ అయితే మీ ఈఆర్పీనే సరిగా వాడండి. పైన ఎంఎస్ ప్రాజెక్ట్ డెస్క్‌టాప్ ఒకటి పెట్టుకోండి. పీ6 జోలికి పోవద్దు, కస్టమర్ ఆ రూపంలో ఫైలు అడిగితే తప్ప. పెద్ద సబ్ అసెంబ్లీలు చేసే కంపెనీ, ఐదుగురికి మించి ప్లానర్లు, ఇరవైకి మించి సప్లయర్లు అయితే డేటాబేస్ మీద నడిచేది తప్పదు. నా ఓటు పీ6కే, ఈఆర్పీతో రాత్రి వంతెన ఉండాలన్న షరతుతో. రక్షణ కాంట్రాక్టు, ఎర్న్‌డ్ వాల్యూ ఉంటే దానికి కోబ్రా లాంటిది కలపండి. ఓపెన్ ప్లాన్ ఇప్పటికే వాడుతూ ప్లానర్లకి చేతిలో ఆడుతుంటే మార్చాల్సిన పనిలేదు. లైన్ స్థిరపడి నెలనెలా ఒకే లెక్కన నడుస్తుంటే క్రిటికల్ పాత్ సాఫ్ట్‌వేర్ మీద కొత్తగా ఖర్చు పెట్టకండి. ఆ డబ్బు ఈఆర్పీ, తయారీ రికార్డు వ్యవస్థల మధ్య లంకె మీద పెట్టండి.

కొటేషన్లు తెప్పించే ముందు ఈ వారంలోనే ఒక పని చేయవచ్చు. మీ దగ్గర చివరగా పడిన ఐదు ఎర్ర ట్యాగ్‌లు తీయండి. ఒక్కోదానికీ నాలుగు తేదీలు రాయండి: ట్యాగ్ పడిన రోజు, కొనుగోలు విభాగానికి తెలిసిన రోజు, షెడ్యూల్‌లో మారిన రోజు, ఫైనల్ అసెంబ్లీ సూపర్‌వైజర్‌కి తెలిసిన రోజు. ఆఖరి తేదీ కోసం ఆయన్నే అడగండి, కంప్యూటర్‌ని కాదు. ఆ ఇరవై తేదీల కాగితం పట్టుకుని అమ్మకందారుణ్ణి పిలవండి.